నవాబు గెలిచిన ఆఖరి పందెం

ఆ రోజుల్లో మా శాలిబండలో పెళ్లికొడుకు ఎలా ఉన్నాడని ఎవరూ అడిగేవారు కాదు, ఏ గుర్రం మీద వచ్చాడని అడిగేవారు. (నాకు కలిసొచ్చింది అదేనని మా ఆవిడ అంటుంది.) ఊరేగే అన్ని పెళ్లి బరాత్‌లకూ తిరిగే ముసలి తెల్లగుర్రం నా పెళ్లికీ చాలని నేనంటే మా చిన్నాయన ఒప్పుకోలేదు. పప్పుల దుకాణం నడిపే ఆయనకు మలక్‌పేట గుర్రప్పందేలంటే ప్రాణం. ఏనాడూ పందెం కాసిన మనిషి కాదు (చిన్నమ్మ ఊరుకోదు), కానీ నవాబు అనే ఎర్రగుర్రం పరుగెత్తే రోజున దుకాణం షట్టరు సగం దించి వెళ్లిపోయేవాడు. నవాబు అల్లాటప్పా గుర్రం కాదు. మొదటి పందెంలోనే పేరుమోసిన గుర్రాలను వెనక్కి నెట్టింది, బెంగుళూరు, పుణె వెళ్లి కప్పులు తెచ్చింది, చివరికొకసారి కాలు బెణికి పరుగు మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు చిన్నాయన అన్నం ముట్టలేదు. అదే నవాబును బార్కస్‌లో ఒక చాచా సాకుతున్నాడని తెలియగానే నన్ను స్కూటరెక్కించుకుని పోయాడు.

“ఇస్కు సబ్ ఆతా మియా, పీఛే రహనా ఏక్ నై ఆతా,” అన్నాడు చాచా దాని మెడ నిమురుతూ. అన్నీ వచ్చు, వెనకబడటం ఒక్కటే రాదని. మేం దాన్ని పొగడ్త అనుకున్నాం. “మస్తున్నది! మా పోరనికి గిసొంటి గుర్రమే గావాలె,” అన్నాడు చిన్నాయన. స్వారీ వచ్చా అని చాచా అడిగితే వచ్చన్నాను. (నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒకసారి గుర్రమెక్కి ఫోటో దిగాను. గుర్రం కదల్లేదు.)

పెళ్లి సాయంత్రం అసలు తంటా ఎదురుకోళ్ల దగ్గర మొదలైంది. ఆడపెళ్లివారు మేళంతో, షర్బత్ గ్లాసులతో ఎదురొచ్చి పిలిస్తే తప్ప పెళ్లికొడుకు ముందుకు కదలకూడదు. ఎంత దూరం రావాలన్నదే పేచీ. సందు మూల మీది పాన్‌డబ్బా దాకా రావాలని చిన్నాయన, ఫంక్షన్‌హాలు గేటు దాటేది లేదని పెళ్లికూతురి మేనమామ. మా బావలు అటూ ఇటూ రాయబారాలు మోసి అలిసిపోయారు. “డబ్బా కాడికి రావాలె. లేకుంటె బరాత్ గిట్నే వాపస్ పోతది!” అని చిన్నాయన కబురు పెడితే, “పొమ్మను. మా పిల్లకు సంబంధాలు కరువా?” అని అక్కణ్నుంచి జవాబొచ్చింది. గుడిమల్కాపూర్ నుంచి తెప్పించిన పూల సెహ్రా ముఖమంతా కప్పేస్తే దాని వెనక నాకు చెమటలు పట్టాయి. పెళ్లిచూపుల్లో ఆ పిల్లను చూసింది ఒక్కసారే అయినా, నాకు ఆ పిల్లే కావాలి.

“చిన్నాయనా, గేటు కాడికే పోదాం తియ్యి,” అన్నాను బతిమాలుతూ.

“నువ్వు సప్పుడు చెయ్యకు. గుర్రమెక్కినవ్, సక్కగ కూసో.”

పేచీ ఇప్పట్లో తెగదనుకుని చాచా కళ్లెం వదిలి పాన్ కట్టించుకోవడానికి డబ్బా వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే ఇంకెవరిదో బరాత్ మమ్మల్ని దాటుకుంటూ ముందుకు పోయింది, అన్నింటికీ తిరిగే ఆ ముసలి తెల్లగుర్రం మీద. నవాబు చెవులు రిక్కించింది. తనకంటే ముందు ఇంకో గుర్రం! అంతే, బ్యాండువాళ్లు చెల్లాచెదురయ్యారు. సెహ్రా ఎగిరి చెవికి చుట్టుకుంది. నేను రెండు చేతులతో మెడను కావలించుకుని గుర్తున్న దేవుళ్లందరినీ పిలిచాను. తెల్లగుర్రం మీది పెళ్లికొడుకు “అరే భాయ్, జర ఆహిస్తా!” అని, కాస్త మెల్లగా పొమ్మని అరవడం వినబడింది. అతన్ని దాటేశాక ఇక పోటీ లేదనుకుందో ఏమో, నవాబు వేగం తగ్గించి, దీపాలు వెలుగుతున్న మా ఫంక్షన్‌హాలు గేట్లోకి దర్జాగా తిరిగింది. కెమెరా పట్టుకున్నవాడి ముందు మెడ ఎత్తి నిలబడింది. గెలిచిన ప్రతిసారీ అది చేసిన పని అదే.

ఆడపెళ్లివారంతా గ్లాసులు పట్టుకుని కొయ్యబారిపోయారు. ముందుగా తేరుకున్నది మేనమామ. “సూసిండ్రా! మా గేటు కాడికి మీరే ఒచ్చిండ్రు,” అన్నాడు మీసం దువ్వుతూ. అప్పటికి రొప్పుతూ వచ్చి పడ్డాడు చిన్నాయన. ఇక పెళ్లి ఆగిపోయిందనే అనుకున్నాను. ఆయన నా వైపు కూడా చూడలేదు. కళ్లనిండా నీళ్లతో నవాబు నొసలు ముద్దుపెట్టుకుని, “గెలిచింది బావా! కాలు పోయిందన్నరు. సూడుండ్రి, మల్ల గెలిచింది!” అన్నాడు. మీసం మీది చెయ్యి తీసేశాడు మేనమామ. షర్బత్ గ్లాసు తెచ్చి చిన్నాయన నోటికందించాడు. డబ్బా, గేటు అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పైన కిటికీలోంచి ఒక నవ్వు మాత్రం ఎంతసేపటికీ ఆగలేదు. ఎవరిదో చూడబోతే సెహ్రా మళ్లీ కళ్లకు అడ్డం పడింది.

ఇప్పుడు నేను మెట్రో మెట్లెక్కితే ఆయాసపడతాను. మా ఆవిడ పైకి చేరి, “ఏంది, ఇంకా రాలే?” అని నవ్వుతుంది. ఆ కిటికీలో విన్న నవ్వే. బడిలో, ఉద్యోగంలో, చివరికి రేషన్ వరుసలో కూడా నేను ముందు నిలబడింది లేదు. జీవితంలో అందరికంటే ముందు చేరింది ఆమె గుమ్మానికే. ఆ చేరడంలో నేను చేసిందల్లా కింద పడకుండా ఉండటం. గుర్రం మీది ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, గట్టిగా పట్టుకున్నందుకు వాడంటే నాకు చాలా ఇష్టం.