స్పీకర్ ఏదైనా పెట్టు

ఎనభైల చివర్లో మా అన్నకు నా చేత్తో ఒక టీవీ కట్టి ఇచ్చాను. అప్పుడు నాకు జనగామలో రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. అన్న భూపాలపల్లిలో బొగ్గుగనిలో, అక్కడివాళ్ల మాటలో బావిలో, పనిచేసేవాడు. షాపులో కొత్తది కొనుక్కోరాదా అంటే, "నువ్వుండంగ బయట కొనుడేంది" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయిన మాట నిజం.

సామానంతా హైదరాబాదు కోఠిలో దొరికేది. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది పిక్చర్ ట్యూబ్. పద్నాలుగు అంగుళాలదా, ఇరవై అంగుళాలదా? కొత్తదా, బాగుచేసి మళ్లీ అమ్మేదా? ట్యూబును బట్టే పెట్టె, మిగతా సరంజామా. వాళ్ల క్వార్టర్‌లో ముందుగది నాలుగడుగులు వేస్తే అయిపోతుంది కాబట్టి పద్నాలుగు చాలన్నాను. అన్న ఒప్పుకోలేదు.

"ఇరవై పెట్టు. మనిషి మొఖం సాఫ్‌గ కనపడాలె. నోరు కదులుడు సుత కనపడాలె."

"మరి స్పీకరు?"

"స్పీకర్ ఏదైనా పెట్టు."

నాకు ఒళ్లు మండింది. చప్పుడే నా బతుకుదెరువు. పైగా ఆ మాట అన్నది ఎవరు? చిన్నప్పుడు మా నెల్లికుదురు అంగట్లో కుండ కొనాలంటే అమ్మ అన్నను వెంటబెట్టుకుని పోయేది. అన్న వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "గిది పగిలింది" అని పక్కన పెట్టేవాడు. కుమ్మరాయన కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ చెవి చూసే బావిలో అన్నకు కప్పు పరీక్షించే పని ఇచ్చారని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. బొగ్గు పేల్చిన తర్వాత మనుషులు లోపలికి పోయేముందు అన్న పోయి, ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వింటాడు. ఖంగున మోగితే గట్టిది. డొల్లగా పలికితే బండ ఊడేలా ఉన్నట్టు. దాని కింద ముందు దుంగ నిలబెట్టాలి. అన్న తల ఊపితే తప్ప వెనక ఉన్న ఆరుగురు అడుగు ముందుకు వేయరు.

సరే, పెద్దవాడి మాట. ఇరవై అంగుళాల కొత్త ట్యూబే కొన్నాను. పంతానికి పోయి కోఠి అంతా తిరిగి మంచి స్పీకరు కూడా కొన్నాను. ట్యూబును పాత దుప్పట్లో చుట్టి, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, మిగతా సామాను బస్సు పైకెక్కించి భూపాలపల్లి చేరాను.

అక్కడే సెట్టు బిగించి, ఆదివారం పొద్దున డాబా మీద ఏరియల్ కట్టి ఆన్ చేశాను. ముందు బొమ్మ సరిచేద్దామని స్పీకరు తీగలు ఇంకా అతకలేదు. అన్న ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. గీతలు పోయి, ఎవరో మాట్లాడుతున్న ముఖం తేటగా నిలిచింది.

"ఆవాజ్ మంచిగున్నది తమ్మీ," అన్నాడు అన్న. "సాఫ్‌గ ఇనొస్తున్నది."

స్పీకరు నా చేతిలో ఉంది.

పరాచికమాడుతున్నాడేమో అని చూశాను. కాదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆమె నీళ్లకని పంపు దగ్గరికి పోతే వెంట పోయి అడిగాను. "ఎన్నాళ్ల సంది వదినా?"

"రెండు దసరాలాయె. పేల్చుడు చప్పుళ్లకు చెవులు పోయినయి. ఎదురుంగ మాట్లాడితె పెదవులు చూసి చెప్తడు. ఎవ్వరితోని అనకు తమ్మీ. కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తది."

"మరి బావి లోపల పైకప్పు సంగతి?"

బిందె నిండి పొర్లుతున్నా ఆమె చూసుకోలేదు. "డ్యూటీ నుంచి వచ్చేదాంక నాకు మెతుకు దిగదు," అంది.

లోపలికి వచ్చి అన్నకు నా ముఖం కనపడేటట్టు కూర్చుని, స్పీకరు ఎత్తి చూపించాను. అన్న ముఖం నల్లబడింది. తన అరచేతిని చూసుకున్నాడు.

"కడ్డీతోని కొడ్త. ఇంకో చెయ్యి కప్పు మీద ఆనిస్త. అదురు చేతికి తెలుస్తది. రెండేండ్ల సంది ఒక్కని మీద పెళ్ల పడ్డదా?"

"చేతికేం తెలుస్తదే అన్నా? మనుషుల పానాలు గవి. ఆ ఆరుగురికి చెప్పినవా?"

"చెప్తె ఒక్కడన్న నా ఎనుక వస్తడా? పైకి పంపి మూలకు కూసోబెడ్తరు. చెవిటోడంటరు."

అంతే, గోడవైపు తిరిగాడు. ముఖం తిప్పుకుంటే ఇక నా మాట ఆయనకు చేరదు. అది తెలిసి కూడా ఆ వీపు మీద పడి అరిచాను.

స్పీకరు అతికేశాను. ఇరుగుపొరుగు వచ్చి, వాకిట్లోకి వినపడుతున్నదని మెచ్చుకున్నారు. అన్న కూడా వాళ్లతోపాటు తల ఊపాడు. ఆ ఊపు చూశాకే నాకు నిజంగా భయం పట్టుకుంది.

సోమవారం పొద్దున బస్టాండుకు పోవలసినవాణ్ని బావి ఆఫీసుకు పోయాను. చెప్పేశాను. బయటికి వచ్చి నేరుగా జనగామ బస్సెక్కాను. అన్నను దవాఖానకు పంపి చెవులు చూపించారు. పైన, బావిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో వేశారు.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే తిట్టించుకునేవాణ్ని, నాకూ ముక్కు మీదే కోపం గనక తిరిగి తిట్టేవాణ్ని. మాట్లాడనే మాట్లాడకపోతే ఏం చేయను? రెండుసార్లు పోయాను. రెండుసార్లూ నన్ను చూసి గోడవైపు తిరిగాడు.

ఆర్నెల్ల తర్వాత వదిన జనగామ వచ్చింది. సంచిలోంచి స్పీకరు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అన్న ఊడబీకి ఇచ్చిండు. గిది నాకెందుకు, ఎవరికన్న పెట్టుమను అన్నడు."

"మంచిగున్నడా?"

"డ్యూటీకి పోతడు, వస్తడు. వచ్చినంక గా టీవీ ముంగట్నే, చప్పుడు లేకుంట." కొంగు సరిచేసుకుంది. "నాకు మాత్రం అన్నం దిగుతున్నది తమ్మీ."

ఆమెను బస్సెక్కించి వచ్చి, ఆ స్పీకరును ఒక రేడియోకు తగిలించాను. మంచి స్పీకరే, ఏమీ చెడలేదు. చెవికి అందనంతగా చప్పుడు తగ్గించి, స్పీకరు ముఖానికుండే నల్ల కాగితం మీద వేలు ఆనించాను. అన్న అబద్ధం చెప్పలేదు. చేతికి తెలుస్తోంది.