అక్క కట్టిన పట్నంలో చెల్లెకు చోటు

నాకు అయిదో నెల నడుస్తుండగా మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని చెప్పింది. అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకే ఆమె చెప్పింది చెప్పినట్టు పాటించాను. మా ఆయనకు బయ్యారంలో ఎరువుల దుకాణం. పొద్దున్నే వంట చేసి, మంచినీళ్లు, అన్నం గిన్నె నా చేతికందేలా పెట్టి వెళితే మళ్లీ చీకటి పడే వేళకే రావడం. మధ్యలో పొడుగాటి పగలు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కదలిక తెలుస్తుందేమోనని చూస్తూ పడుకునేదాన్ని. ఒక్కోసారి చాలాసేపు ఏమీ తెలిసేది కాదు. అప్పుడు ఎవరికైనా ఫోన్ చేయాలన్నా భయమే. నా గొంతు వణికితే వాళ్లు కంగారు పడతారని.

చెల్లె అది ఎలా పసిగట్టిందో నాకు తెలియదు. తను భూపాలపల్లిలో నర్సు. వాళ్ల దవాఖానలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోన్లో ఒక ఆట ఆడుతుంటారట. తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో వంతుల వారీగా రాసుకుంటూ పోతే అదే కథవుతుంది. దాన్ని రోల్‌ప్లే అంటారని చెప్పింది. "ఊకె పండుకుంటే మనసు ఖరాబైతదక్కా. మనం ముగ్గురం గది ఆడుదాం" అంది. మూడో మనిషి మా పెద్దక్క. జనగామలో సర్కారు బడిలో సోషల్ చెబుతుంది.

ముగ్గురికీ ఫోన్లో ఒక గ్రూపు పెట్టి, పాత్రలు చెల్లే పంచింది. అక్క ఒక పట్నానికి పెద్ద. నేను ఆ పట్నం పక్కన ఏరు మీద పడవ నడిపే మనిషిని. చెల్లె దారి తప్పి వచ్చిన బాటసారి.

అక్క మొదటి రోజే పట్నం కట్టడం మొదలుపెట్టింది. పట్నం వెనక ఎర్రమట్టి గుట్ట ఉంది. ఆ గుట్టలో ఇనుము ఉంది కాబట్టి అక్కడి వాళ్లందరూ కొలిమి పని చేస్తారు. వాన పడితే వీధుల్లో నీళ్లు ఎర్రగా పారతాయి, అందుకని ఆడవాళ్లు తెల్లచీర కట్టరు. అంగడి ఏ రోజు, కోట తలుపులు ఏ పూట తీస్తారు, పన్ను ధాన్యంతో కట్టాలా ఇనుముతోనా, అన్నీ రాసింది. అవి చదువుతుంటే నాకు ఎంత బాగుండేదో. మంచం మీదున్న మనిషిని ఆ వీధులన్నీ తిరిగి వచ్చేదాన్ని. అక్క పంపిన మెసేజ్ ఫోన్ తెర మీద జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉండేది.

చెల్లె రాసేవి చిన్నచిన్న మాటలు. "బాటసారి కోట తలుపు దగ్గరికొచ్చింది. కాళ్లు నొప్పులు పుడుతున్నయ్." అంతే. రోగులకు మందులిచ్చి, టీ తాగే సందులో రాసేదట.

ఒక రోజు బాటసారి కొలిమి వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుందనీ, ఆ ఇంటావిడ ఆమెకు జొన్నరొట్టె పెట్టిందనీ చెల్లె రాసింది. నేను పడవ దిగి వెళ్లి ఆమె పక్కన కూర్చుందామనుకున్నాను. అంతలో అక్క మెసేజ్ వచ్చింది. ఆ నేలలో జొన్న పండదనీ, ఈ సంగతి ముందే రాశాననీ. కొలిమి వీధి ఇళ్లకు అరుగులుండవు, బండ్లకు దారి కావాలి కదా అని కూడా అంది. కోప్పడింది కాదు. పిల్లల పేపర్లు దిద్దే మనిషి చేయి ఊరుకోదు, అంతే. చెల్లె "సరే అక్కా" అని రాసి, రొట్టె తీసేసింది.

ఆ తర్వాత ఆమె రాయడం తగ్గింది. వారమంతా బాటసారి జాడ లేదు. అక్క మాత్రం ఆమె కోసమేనన్నట్టు సత్రం కట్టింది, సత్రంలో గదులు కట్టింది, గదుల్లో ఏ మూల ఏ దీపం వెలుగుతుందో రాసింది. సత్రం తయారైంది, దిగేవాళ్లు లేరు. నాకు దిగులేసింది. ఒక మధ్యాహ్నం చెల్లెకు ఫోన్ చేశాను.

పని ఎక్కువైందని ముందు తప్పించుకుంది. నేను వదలకపోయేసరికి, ఇద్దరు పిల్లలు, డ్యూటీ, బొగ్గుగని నుంచి వచ్చే మొగుడికి వంట, వీటి నడుమ అక్క రాసిందంతా చదివి గుర్తుపెట్టుకోవడం తన వల్ల కాదని చెప్పింది. ఆ తర్వాత అంది, "అక్క పట్నం మస్తుంది. కానీ అండ్ల నేను కూసోవాల్నన్నా అడిగి కూసోవాలె. నాకు ఊరు పొలిమేరలొద్దక్కా. జరంత కూసునే జాగ చెప్తే చాలు."

ఆ మాట అక్కతో ఎలా చెప్పాలో తోచలేదు. ఆ ఆదివారం అక్క జనగామలో రైలెక్కి నన్ను చూడడానికి వచ్చింది. వచ్చీ రాగానే నా తలకు నూనె రాసి, జడ వేయడం మొదలుపెట్టింది. ఆమె చేతులు నా వెనక ఉన్నాయి కాబట్టి, మొహం కనిపించదు కాబట్టి, ధైర్యం చేసి చెల్లె అన్నదంతా చెప్పాను.

అక్క చేతులు ఆగాయి. తర్వాత మళ్లీ జడ అల్లుతూ నెమ్మదిగా మాట్లాడింది. దేవరుప్పుల దగ్గరి మా ఊళ్లో అవ్వ, బాపు, అంటే మా అమ్మానాన్నలు, కూలికి పోయి పొద్దుగూకినా రాకపోతే, మా ఇద్దరినీ ఊరుకోబెట్టడానికి అక్కే కథలు చెప్పేది. నేను వింటూ నిద్రపోయేదాన్నట. చెల్లె పడుకునేది కాదట.

"రాజు అంటే, ఏం రంగు అంగీ తొడుక్కున్నడు అంటది. ఏం తిన్నడు అంటది. గుర్రానికి నీళ్లెవరు పెట్టిన్రు అంటది. చెప్పకుంటే అవ్వ ఏదని ఏడ్సుడు. ఒక్కొక్కటి చెప్పుకుంట పోతే అవ్వ వచ్చేదాక ఊకుండేది. గిప్పుడు గూడ గట్లనే అడుగుతదనుకున్న" అంది అక్క.

వెనక్కి చెయ్యి చాపి ఆమె మోకాలు పట్టుకున్నాను. ఆమె జడ చివర రిబ్బను కట్టి, "పెద్దగైంది గదా అది" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

జనగామ వెళ్లాక అక్క పూర్తిగా మారిపోయింది. "పట్నం పెద్ద వచ్చింది. పలకరించింది." ఇంతే రాసింది. మర్నాడు, "సరే అంది. వెళ్లింది." గుట్ట లేదు, ఏరు లేదు, కొలిమి చప్పుడు లేదు. రెండు మూడు రోజులయ్యాక చెల్లే గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. "అక్కా, ఎక్కడున్నమే మనం? నాకేం కనవడ్తలేదు. ఉత్త గోడ ముంగట నిలవడి మాట్లాడినట్టున్నది. వాన పడ్తే నీళ్లు ఎర్రగ పార్తయన్నవ్ సూడు, గట్లాంటిది ఒక్కటియ్యి. ఒక్కటి."

నేను మంచం మీద పడుకుని నవ్వాను. నవ్వితే కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఇంకాసేపు నవ్వాను.

సాయంత్రానికి అక్క జవాబు వచ్చింది. అప్పుడే వాన వెలిసిందనీ, వీధిలో ఎర్రనీళ్ల నడుమ ఎవరో కాలు పెట్టుకోవడానికి రాళ్లు వేశారనీ, ఆ రాళ్లు ఒక ఇంటి గడప దాకా ఉన్నాయనీ రాసింది. చివర ఇలా ఉంది: "ఆ ఇల్లు ఎవరిదో, లోపల ఏముందో పట్నం పెద్దకు తెలియదు. బాటసారి చూసి చెప్పాలి."

చెల్లె అప్పటిదాకా ఎప్పుడూ రాయనంత రాసింది. బాటసారి రాళ్ల మీద అడుగేస్తూ వెళ్లి తలుపు తోసింది. లోపల ఒక చిన్నపిల్ల కట్టెల పొయ్యి ముందు కూర్చుని, తనకంటే చిన్నపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. బాటసారి ఏమీ అడగకుండా, గింజలు కడిగి ఎసట్లో పోసింది. ఒళ్లో పిల్లను తను ఎత్తుకుని, "నువ్వు జరసేపు పండు బిడ్డా, నేనున్న" అంది.

అక్క ఆ రోజు ఏమీ రాయలేదు. నాకు ఫోన్ చేసింది. ముక్కు చీదుకుని, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ వచ్చారు. చెల్లె బిడ్డకు నీళ్లు పోసింది, అక్క నాకు పథ్యం వండిపెట్టింది. ఆ రోజుల్లో పట్నం ఊసు ఎవరూ ఎత్తలేదు. ముగ్గురం ఒకే గదిలో ఉంటే రాసుకోవలసిన అవసరం ఏముంది? ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, కొన్నాళ్లకు మళ్లీ చెల్లే మొదలుపెట్టింది.

ఇప్పటికీ రాసుకుంటున్నాం. ఎంత చెప్పాలి, ఎంత వదలాలి అన్నది మాకు ఇంకా పూర్తిగా చేతకాలేదు. అవతలి మనిషి చెయ్యి వేసి పట్టుకోవడానికి ఒకటి ఇస్తే చాలని నాకనిపిస్తుంది. మిగతాది వాళ్లు తెచ్చుకుంటారు. అక్కకు మాత్రం ఈ కొలత కష్టమే. గ్రూపులో పెట్టే ముందు తను రాసింది నాకొక్కదానికే పంపి, "ఎక్కువైందా?" అని అడుగుతుంది. చాలాసార్లు ఎక్కువే అవుతుంది, అదే చెబుతాను. ఏ పంక్తి ఉంచాలో ఇద్దరం కలిసి చూసుకుంటాం. కొన్ని రోజులు మాత్రం, నా బిడ్డ నిద్రపోయాక తీరిగ్గా చదువుకుని, ఒక్క ముక్క కూడా తీసేయడం ఇష్టం లేక, సరిగ్గానే ఉందక్కా, పెట్టెయ్ అంటాను.