పాసైనందుకు ఎర్రదీపం

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ కోపంతోనే ఒక శుక్రవారం ఒకావిడ ఉద్యోగం ఊడగొట్టబోయాను.

అమెరికాలోని శాంటా క్లారాలో మా టీమ్ తయారుచేసేది డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు. అలా ఆపిన చోట ఒక సి మాడ్యూల్‌ను, అంటే సి భాషలో ముందే రాసిపెట్టిన ఫంక్షన్ల కట్టను, అప్పటికప్పుడు తెప్పించుకుని వాడుకోగలగాలి. మా డీబగ్గర్‌కు అది చేతకాలేదు. ఎనిమిదేళ్ళ క్రితం రెండు నెలలు దానితో కుస్తీ పట్టి ఓడిపోయాను. అది పనిచేస్తోందో లేదో చూడటానికి రాసిన టెస్టు నెత్తిన ఒక లైను పెట్టి చేతులు దులుపుకున్నాను: ఇది ఫెయిలవుతుంది, తెలిసిందే. అప్పటినుంచి ఆ టెస్టు రోజూ ఫెయిలవుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

ఆవిడ మా దగ్గర చేరి ఐదు నెలలైంది. వరంగల్ మనిషి, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పిల్లల్ని కాలేజీకి పంపి, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చారు. ఆరు నెలల కాంట్రాక్ట్. ఈ రిలీజ్‌లో, అంటే వాడేవాళ్ళకు పంపే కొత్త వెర్షన్‌లో, ఆవిడ పని ఏదైనా వెళితేనే పొడిగిస్తానని మేనేజర్ చెప్పేశాడు. ఏం పని పట్టుకున్నారని మొదటి వారంలో అడిగితే, నేను వదిలేసిన ఆ మాడ్యూల్ సంగతే చెప్పారు.

"దాని జోలికి పోకండి మేడమ్. నావల్లే కాలేదు," అన్నాను.

"చూస్త లెండి," అని నవ్వారు.

ఆ శుక్రవారం నాలుగింటికి రిలీజ్ మూసేస్తారు, ఆ తర్వాత ఏ మార్పూ తీసుకోరు. భోజనాలయ్యాక ఆవిడ తన మార్పును చేర్చారు. ఎవరు ఏం మార్చినా మా యంత్రాలు టెస్టులన్నీ వాటంతటవే నడిపి చూస్తాయి. మూడింటికి నా టెస్టు పక్కన ఎర్రదీపం వెలిగింది. ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఆవిడ మార్పును వెనక్కి లాగేసి, ఆవిడ డెస్క్ దగ్గరికి పోయాను.

"ఏంటండీ ఇది? వద్దని చెప్పానా? నా టెస్టు పాడుచేశారు. మీ చేంజ్ రివర్ట్ చేసేశాను."

ఆవిడ ముఖం పాలిపోయింది. స్క్రీన్ దగ్గరికి జరిగి రెండుసార్లు చదివారు.

"ఫెయిల్ కాలేదండీ," అన్నారు మెల్లగా. "పాస్ అయింది. ఫెయిల్ అయితదని మీరే రాసిన్రు గదా, అందుకే రెడ్ చూపిస్తుంది."

నిజమే. ఎర్రదీపం పక్కనే ఊహించని విజయమని రాసి ఉంది. ఫెయిలవుతుందని చెప్పింది పాసైనా మా యంత్రానికి తప్పే. ఆ నియమం పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చదవకుండా రంగు చూసి ఎగిరిపడ్డాను.

"ఏదీ, చూపించండి," అన్నాను. గొంతులో పొగరు మాత్రం ఇంకా దిగలేదు.

ఆవిడ నాలుగు లైన్ల ప్రోగ్రామును నడిపి, మధ్యలో ఆపారు. మాడ్యూల్‌ను తెప్పించారు. అందులోని ఒక ఫంక్షన్‌తో, నీ నంబరెంత అని ప్రోగ్రామును అడిగారు. నడిచే ప్రతి ప్రోగ్రాముకూ కంప్యూటర్ ఒక నంబరిస్తుంది, నడిపిన ప్రతిసారీ కొత్తది. ఆ నంబరు అడిగే మాటే ఆ నాలుగు లైన్లలో లేదు. అయినా జవాబొచ్చింది! కంప్యూటర్ ఇచ్చిన నంబరుతో అంకెకు అంకె సరిపోయింది. మళ్ళీ నడిపించాను. కొత్త నంబరు, అదీ సరిపోయింది. "అమ్మ బాబోయ్," అన్నాను పైకే. కదలకుండా ఆగిపోయిన ప్రోగ్రాము, తనకెవరూ నేర్పని ప్రశ్నకు బదులు చెబుతోంది. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఆరుసార్లు నడిపించుకుని చూశాను.

"ఎలా చేశారండీ?"

"మాడ్యూల్ కోసం మనం వెతికే చోటే తప్పండీ. ప్రోగ్రాం బిల్డ్ అయి తయారైనప్పుడు ఏ ఫోల్డర్లు చూసిందో అవే చూడమన్న. అంతే." గడియారం చూశారు. "పావుగంటే ఉందండీ."

ఆవిడ మార్పును తిరిగి చేర్చాను. నా లైను ఉన్నంతసేపూ ఎర్రదీపం పోదు, రిలీజ్‌లోకి వెళ్ళనివ్వదు. ఆ లైను టెస్టు నెత్తినే పెట్టాననుకున్నాను ఇన్నాళ్ళూ. మొదటి వారంలోనే ఆవిడ నెత్తినా పెట్టేశాను. సిగ్గేసింది. లైను కొట్టేశాను. ఎందుకు తీసేస్తున్నావని యంత్రం కారణం అడిగింది. పొరపాటు నాది అని రాశాను.

నాలుగవడానికి రెండు నిమిషాలుందనగా పచ్చదీపం వెలిగింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, చున్నీతో కళ్ళు తుడుచుకున్నారు.

"పన్నెండేండ్ల తర్వాత," అన్నారు, "నాది ఒకటి పాస్ అయిందండీ."