దండాసి ఐసు బండికి జ్వరం

యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ సందుల్లో దండాసి డీజిల్ పికప్పు కంటికి కనబడకముందే చెవిన పడేది. ఇంజిను ముందున్న ఫ్యాను హోరుకి పక్కింటి బాపిరాజు పొద్దున్నే ఉలిక్కిపడి లేచి, రోజూ ఏదో ఒకటి అనేవాడు. అలాంటిది ఒకనాటి నుంచి ఆ హోరు వినబడటం మానేసింది. దండాసి ఆ పుణ్యమంతా తన ఖాతాలో వేసుకున్నాడు.

"కొత్త ఇంజినాయిలు పోసినాను, అంతే. బండి మాట ఇనాలంటే సెయ్యి తిరిగుండాల" అని బాపిరాజుకి చెప్పాడు. బాపిరాజు నమ్మాడు. దండాసి ఇంకా గట్టిగా నమ్మాడు.

ఊరి చివరి కార్ఖానా నుంచి అహ్లోన్ ఏటి ఒడ్డు చేపల బజారుకి ఐసు దిమ్మలు తోలడం అతని పని. కరెంటు ఉండీ లేనట్టుండే ఈ రోజుల్లో చేపలమ్మే ఆడవాళ్లు అతని బండి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తారు. భార్య సూర్యావతి కూడా పక్కన కూర్చుని వెళుతుంది. బర్మా మాటల్లో బేరం ఆడాలంటే దండాసి నోరు చాలదు, ఆమె నోరు చాలా ఎక్కువ.

ఎండలు ముదిరిన రోజుల్లో, స్ట్రాండ్ రోడ్డు మీద బండ్లన్నీ నిలిచిపోయిన వేళ, టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టులోంచి తెల్లటి ఆవిరి బుసబుసా లేచింది. వెనక మంచు, ముందు మంట.

పక్క టాక్సీవాడు తల బయటపెట్టి, బండినిండా ఐసు పెట్టుకుని ఆలోచన దేనికన్నాడు. దండాసికి ఆ మాట బాగా నచ్చింది. ఒక దిమ్మ ఎత్తి బానెట్టు మీద పెట్టాడు. అది జర్రున జారి, రోడ్డు మీద పడి, ముక్కలు ముక్కలైంది. చెరుకురసం బండివాడు పరుగున వచ్చి ముక్కలన్నీ బకెట్లోకి ఏరుకుని, దండం పెట్టి వెళ్లాడు.

"ఇంజను సంగతేటో గానీ, రసం మాత్రం సల్లబడతాది" అంది సూర్యావతి.

ఆ మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. చౌక్తడా పేటలో గుమాస్తాగా పనిచేసే బావమరిది అప్పారావు ఇంజిను వేడిని అదుపుచేసే థర్మోస్టాటే దొంగ అన్నాడు. దాన్ని మార్చారు. రేడియేటరు కడిగించారు. దాని మూత కూడా మార్చారు. మార్చిన ప్రతిసారీ దండాసి ఖాళీ రోడ్డు మీద బండిని రయ్యిన తోలి చూసేవాడు. ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉండేది. నయమైపోయిందని ఇంటికొచ్చి స్థిమితంగా టీ తాగేవాడు. తెల్లారి బండ్ల మధ్య ఇరుక్కోగానే మళ్లీ పొగ.

"నీలాగే ఉన్నాది. పదిమంది మద్దెన పడితే ఏడెక్కిపోతాది" అన్నాడు భార్యతో.

"నానైతే అరుత్తాను. ఇదేటి, కిమ్మనకుండా మండిపోతాది?"

ఈ మాట ఆమె డీజిల్ కోసం నిలబడ్డ వరుసలో అంది. బండి అడుగడుగూ జరుగుతూ అప్పటికే మరిగిపోయి, ఇద్దరూ దిగి పేవుమెంటు మీద కూర్చున్నారు. ఆమె ఆగలేదు.

"ఒకప్పుడు ఏడెక్కితే హోరుమనీది కాదా, మావా? ఇప్పుడు మూగదైపోనాదేటి?"

"అది నా సేతి..." అంటూ దండాసి మధ్యలో ఆగిపోయాడు. మెల్లగా లేచి బానెట్టు ఎత్తాడు. ఇంజిను ఆపే ఉంది. కాలి చెప్పు తీసి దానితో ఫ్యాను రెక్కను తట్టాడు. వేడిమీద బిగుసుకుని ఉండాల్సిన ఫ్యాను, పగోడా తిరునాళ్లలో అమ్మే కాగితం గాలిమరలా గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది.

ఇంజిను చల్లబడ్డాక షెడ్డుకి తీసుకెళ్లారు. మెకానిక్ కో జో ఫ్యాను మధ్య బుడిపె మీద వేలు రాసి చూశాడు. జిడ్డు, దాని మీద దుమ్ము. ఫ్యాను క్లచ్చిలోని నూనె కారిపోయిందనీ, వేడెక్కినా అది ఫ్యానును పట్టుకోవడం లేదనీ, బండి జోరుగా పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతోందనీ చెప్పాడు. తర్వాత ఊరికే అడిగాడు.

"దండాసీ, ఫ్యాను చప్పుడు ఎప్పటినుంచి తగ్గింది?"

దండాసి భార్య వైపు చూశాడు. సూర్యావతి షెడ్డు రేకుల వైపు చూస్తూ కూర్చుంది.

"గేపకం నేదు" అన్నాడు.

క్లచ్చి మార్చారు. మర్నాడు ఐసుతో బయల్దేరితే, స్ట్రాండ్ రోడ్డు మీద మామూలుగానే బండ్లు నిలిచిపోయాయి. ముల్లు మెల్లగా పైకి లేచింది. ఇంతలో ముందునుంచి హోరు మొదలైంది. ముల్లు ఆగింది, కొంచెం ఆలోచించినట్టు నిలబడి, కిందికి దిగింది. దండాసి తన పెళ్లిలో కూడా అంత సంతోషపడి ఉండడు. దారి తెరుచుకున్నాక కూడా ముల్లు మీదనుంచి చూపు తిప్పలేకపోయాడు.

చేపల బజారు మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. మలుపు దగ్గర చేపలమ్మే డో ఖిన్ బుట్ట ఊపుతూ కేకలు వేసింది. సూర్యావతి పాత బియ్యం మిల్లు కూడా దాటాక అంది.

"మావా, సేపలు అటుండిపోనాయి."