పోర్చుగల్ బడిలో కొక్కెం

హైటెక్ సిటీ మెట్రోలో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు, ఒళ్లో ఆరేండ్ల బిడ్డ. బిడ్డ వీసా కోసం పోతున్నారట. ఆయన పోర్చుగల్‌లో, ఒక చిన్న ఊరి పండ్లతోటల్లో పని చేస్తాడట.

"గా ఊరు ఎట్లుంటదన్నా?" అన్నాను.

"ఒకప్పుడు చేపల డబ్బాల ఫ్యాక్టరీతోని కళకళలాడేదట తమ్మీ. అది మూతపడ్డంక జనం పట్నాలకు పోయిండ్రు. ఇగ తోటలు పెట్టినంక మనసొంటోళ్లం పోయినం, దుకాణాలు మళ్ల తెరిచిండ్రు. బడికే పిల్లలు చాలరు. బిడ్డను ఎప్పుడు తెస్తవని టీచరమ్మ ఒకటే అడుగుడు."

"మా సారయితే బడి ఎప్పుడు ఇడుస్తవురా అని అడిగేటోడు. ఆయన మాట తీసెయ్యలే నేను," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు.

ఆ టీచరు ఫోన్లో బిడ్డ ఎత్తు అడిగి, బ్యాగు తగిలించుకోను గోడకు కొక్కెం కొట్టించి, మీద పేరు కూడా రాసిందట. ఆ తర్వాత రెండుసార్లు వీసా రాలేదు.

"నాయినా, నేను పెరిగిన గద. కొక్కెం పొట్టిగైతదేమో," అంది పిల్ల.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"మంచిదే తల్లీ, ఎగరకుండనే అందుతది," అన్నాను.

పిల్ల నవ్వింది. నవ్వించడం నాకు రోజూ ఉండే పనే. ఆ మాట నిజం కావాలని మొక్కుకున్నది మాత్రం ఆ ఒక్కసారే.