చల్లబడిన ఎరువు కుప్ప

దోహాకు ఉత్తరాన ఉన్న కూరగాయల తోటలో నాది ఎరువు కుప్పల డ్యూటీ. ఇసుకలో పంట పండాలంటే ముందు మట్టిని తయారు చేసుకోవాలి కదా. ఎండుటాకులు, మేకల ఎరువు పొరలుగా పేర్చి తడిపితే కుప్ప లోపల వేడి పుడుతుంది. ఆ వేడి ఉంటేనే అది మాగుతుంది.

నాకు పురుగంటే మొదటి నుంచీ మంట. మా జగిత్యాల వైపు నాటేసిన పది రోజులకు మడిలో గుళికల మందు చల్లకపోతే నిద్ర పట్టేది కాదు. అలాంటివాణ్ణి, కుప్ప మీద పురుగులు పాకుతుంటే ఊరుకుంటానా? ఎవర్నీ అడక్కుండా స్టోరులోని పురుగుమందు కలిపి కుప్పంతా తడిసేలా కొట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను కూడా!

నాలుగో రోజు పొద్దున మా ఫోర్‌మన్, నిజామాబాద్ ఆయన, కుప్పలో చెయ్యి పెట్టి చూశాడు.

"అరె భాయ్, ఏం జేసినవ్? సల్లగైపోయింది!"

"పురుగు పట్టింది భాయ్, మందు కొట్టిన."

"యా అల్లా! కంటికి కనవడనియి ఎన్నో ఉంటయ్ ఇందుల. ఆకును మట్టి జేసేటియి అవే. అన్నిట్ని సంపితివి గదా!"

ఒళ్లు మండింది. ఎవుసం నాకే నేర్పుతాడా? పంతం కొద్దీ పక్క కుప్పను తవ్వి పిడికెడు తీశాను. వెచ్చగా, నల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలివానకు మా మడి నుంచి వచ్చే వాసన! ఎన్నేళ్లయింది అది తగిలి! పోయిన సెలవులో మా పొలం దున్నితే, పాత కొయ్యకాళ్లు కుళ్లకుండా అట్లాగే పైకొచ్చాయి. ట్రాక్టరు వాణ్ణి తిట్టానే గానీ గుళికలు చల్లిన నా చేతుల వైపు చూసుకోలేదు. ఆ ఎండలో, ఆ ఇసుకలో నిలబడి, ఎకరం మడి కోసం ఏడ్చాను.

మధ్యాహ్నం అన్నం వేళ మా ఆవిడకు ఫోన్ చేశాను. మా మడిలో నాటేసి వారమే అయింది. ఈ ఒక్క పంటకైనా గుళికలు ఆపితే మట్టి కాస్త తేరుకుంటుందేమో.

నేను నోరు తెరవకముందే ఆమె అందుకుంది. గల్ఫ్‌లో ఎక్కడున్నా ఆమెకు అది దుబాయే. "దుబాయ్ల ఉండి ఏం ఫికర్ వెట్టుకోకు. ఈసారి నువ్వు యాది జెయ్యకముందే గుళికలు తెప్పిచ్చి నేనే సల్లిన. ఇంత ఎక్కువనే సల్లిన. ఒక్క మూల ఇడ్వలేదు."

అని ఆగింది. నేను మెచ్చుకోవాలని ఎదురుచూస్తోంది.

"మంచిగ జేసినవ్," అన్నాను.