వాన లెవెల్‌లో ఖాళీలు

టముకు పళ్ళు చేస్తాడు. దంతవైద్యులు రోగుల నోటి అచ్చులు తీసి పంపితే, వాటిలో ప్లాస్టర్ పోసి, దవడ బొమ్మ తయారుచేసి, దానిమీద గులాబిరంగు మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. ఆ చోటిని ల్యాబ్ అంటారు గానీ, అది మందుల దుకాణం వెనకాల ఉన్న ఇరుకు గది. కిటికీ అంచుమీద, కుర్చీలమీద, టీ కప్పులమీద తెల్లటి పొడి. గోడవారగా బల్లమీద నోళ్ళు తెరుచుకున్న దవడల వరస. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి ఓ అడుగు వెనక్కి వేస్తారు. టముకు మాత్రం వాటి ఎదురుగానే కూచుని మధ్యాహ్నం డబ్బా విప్పుకుంటాడు.

ఆ పేరు అక్క పెట్టింది. చిన్నప్పుడు కంచం, బల్ల, తలుపు, పక్కనున్నవాడి వీపు, ఏది దొరికితే దానిమీద దరువు వేసేవాడు. పెద్దయ్యాక దరువు తగ్గింది గానీ పేరు అతుక్కుపోయింది. ల్యాబ్ యజమాని కూడా అలాగే పిలుస్తాడు.

సాయంత్రాలూ సెలవురోజులూ టముకు చేసే పని వేరు. పాతకాలపు వీడియోగేముల్లో వెనకాల మోగే పాటల్ని తీసుకుని, కంప్యూటర్‌లో వాటికి కొత్త దరువు, కొత్త మోత తగిలించి రీమిక్స్‌లు చేస్తాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వరు. వ్యాపకం మనిషిని ఉన్నతుణ్ణి చేస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు అతని గదికి రావాలి: ఉతకని చొక్కాల గుట్ట, దానిమీద కీబోర్డు, కీబోర్డుమీద తడి తువ్వాలు. ఉన్నతి ఏమీ కనిపించదు. ఇష్టం మాత్రం కనిపిస్తుంది.

ఇలాంటి ఇష్టమున్నవాళ్ళంతా ఇంటర్నెట్‌లో ఓ గుంపుగా చేరారు. ఏడాదికో పాత గేమ్‌ని ఎంచుకుని, లెవెల్‌కొకరు చొప్పున పంచుకుని, ఆ పాటలన్నీ కలిపి ఓ ఆల్బమ్‌గా ఉచితంగా వదులుతారు. ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేది గుడ్లగూబ. అది అతగాడో ఆవిడో పెట్టుకున్న పేరు. ముఖం ఎవరూ చూడలేదు. టముకు పంపినవన్నీ ఇప్పటిదాకా మర్యాదగా తిరిగొచ్చాయి. "బాగుంది, కానీ ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి" అని గుడ్లగూబ రాసిన ప్రతిసారీ అతను ఒకటి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు.

ఈ ఏడు ఎంచుకున్నది గొడుగు పోస్ట్‌మాన్ గేమ్. గొడుగు పట్టుకున్న చిన్న బొమ్మ ఇళ్ళ కప్పులమీద గెంతుకుంటూ ఉత్తరాలు అందిస్తుంది. చిన్నప్పుడు టముకు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గేమ్ క్యాసెట్ అదే. అందులో వాన లెవెల్ తనకే కావాలని అడిగాడు, ఇచ్చారు. ఆ పాటంటే అతనికి ప్రాణం. అందులో స్వరం పరిగెత్తుకుంటూ వచ్చి ఉన్నట్టుండి ఆగుతుంది, ఓ క్షణం కింద బరువైన మోత ఒక్కటే నడుస్తుంది, మళ్ళీ స్వరం అందుకుంటుంది. "దీని గొప్పతనమంతా ఆగిన చోట్లలో ఉంది. కట్టినవాడు మహా నిగ్రహం ఉన్నవాడు" అని గుంపులో పెద్ద వ్యాసమే రాశాడు. చెవుల్లో నిలిచిన జ్ఞాపకంతోనే రీమిక్స్ మొత్తాన్నీ ఆ ఖాళీల చుట్టూ కట్టాడు. ఖాళీ వచ్చినప్పుడల్లా కింద డ్రమ్ము తలెత్తుతుంది, వాన దగ్గరికొచ్చినట్టుంటుంది. పంపించి, ఈసారి ఖాయమనుకున్నాడు.

గుడ్లగూబ జవాబు వచ్చింది. "చాలా బాగుంది. కానీ మధ్యమధ్య స్వరం ఊడిపోతోంది. అసలు పాటలో ఈ ఖాళీలు లేవు. మీ ఫైలు పాడైందేమో చూసుకోండి. ఆదివారంలోగా సరిచేసి పంపండి. లేదంటే వాన లెవెల్ ఇంకొకరికి ఇవ్వాల్సివస్తుంది."

"లేకపోవడమేంటి? ఈ గుడ్లగూబకి కళ్ళేగానీ చెవులు లేవా?" అని టముకు కంప్యూటర్‌ని నిలదీశాడు. ఎవరూ ఆడకుండా క్యాసెట్‌లోంచి నేరుగా తీసిన పాట గుంపులో దొరికితే తెచ్చి విన్నాడు. అది ఎక్కడా ఆగలేదు. కట్టెయ్యడం మరిచిపోయిన కుళాయిలా మొదటినుంచి చివరిదాకా కారుతూనే ఉంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. మహా నిగ్రహం గురించి రాసిన వ్యాసం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మరి ఆ ఖాళీలు తన బుర్రలోకి ఎక్కణ్ణించి వచ్చాయి?

తేడా పట్టుకుందామని తను చేసినదాన్ని గట్టిగా పెట్టాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఏరా, అక్క ఎప్పుడొచ్చింది?"

"రాలేదమ్మా."

"మరి ఆడుతోంది ఎవరు?"

టముకు పాట ఆపి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. "ఎవరూ ఆడటం లేదు. ఇది నేను చేసిన పాట."

"నువ్వు చేసిందేంటి, దాని ఆటే కదూ" అంది అమ్మ, గిన్నె తోముతూనే. "గోడ ఇవతల కూచుని ఎన్నేళ్ళు విన్నానురా ఆ గోల. మీ నాన్న ఆడితే బొమ్మ చచ్చిన మోత తప్ప ఇంకోటి వినపడేది కాదు. అది ఆడితే ఇదిగో, ఇలాగే. ఆగడం, సాగడం. బాగా ఆడుతోందంటే ఇంకాసేపు లేవదని, బట్టలు మడతపెట్టమని అరిచేదాన్ని."

అప్పుడు తట్టింది. రీమిక్స్‌లు చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే, అతనికీ తెలుసు. ఆ పాత మిషన్లలో ఏకకాలంలో మోగగలిగేవి నాలుగైదు శబ్దాలే. నలుగురే ఉన్న బ్యాండులో పిల్లనగ్రోవి వాయించేవాడికే తలుపు తీసే పని కూడా అప్పగించినట్టు, బొమ్మ గెంతినప్పుడల్లా పాటలోని స్వరం పక్కకి తప్పుకుని గెంతు చప్పుడుకి చోటిస్తుంది. గెంతు అయ్యాక తిరిగొస్తుంది. అతని జ్ఞాపకంలో గెంతు చప్పుడు చెరిగిపోయి ఖాళీ మాత్రం మిగిలింది. తను ఇన్నాళ్ళూ మొక్కిన నిగ్రహం పాట కట్టినవాడిది కాదు, అక్క బొటనవేలిది.

ఈ అక్క కథ కొంత చెప్పాలి. వీడియోగేములు పిల్లల్ని చెడగొడతాయని ఒకరూ, తెలివి పెంచుతాయని ఇంకొకరూ వాదించుకుంటూ ఉంటారు. ఇద్దరూ పిల్లల్ని అడగరు. "ఆ గుండీలు నొక్కితే కూడు పెడతాయా?" అని అమ్మ రోజూ అనేది. అక్క ఇప్పుడు టవర్ క్రేన్ ఆపరేటర్. ఊళ్ళో లేస్తున్న పెద్ద భవంతుల నెత్తిమీద, మనిషి పట్టేంత గాజు గదిలో కూచుని, రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుని ఇనప దూలాల్ని ఎత్తిదించుతుంది. కూడు దండిగానే పెడుతోంది. అయినా ఇంట్లో నలుగురు చేరినప్పుడల్లా టముకు ఓ ఫిర్యాదు మాత్రం మానడు: "చిన్నప్పుడు ఒక్కసారంటే ఒక్కసారి రిమోట్ నా చేతికివ్వలేదు. చూడ్డమే నా బతుకు." అక్క ఏదో అనబోతుంది, ఈలోగా అందరూ నవ్వేస్తారు.

ఖాళీల్ని పూడ్చడం కష్టమేమీ కాదు. అసలు పాటలోంచి స్వరాలు తెచ్చి అతికించాడు. విన్నాడు. నున్నగా వచ్చింది. గుడ్లగూబ కాదనడానికి ఏమీ లేదు. అలాగని తను చేశానని చెప్పుకోవడానికీ ఏమీ లేదు. పంపే బటన్ మీద వేలు పెట్టి, పొద్దున్న చూద్దాంలే అని లేచిపోయాడు.

పొద్దున్న ల్యాబ్‌కి ఓ డబ్బా తిరిగొచ్చింది. రిటైరైన టీచరమ్మ ఒకావిడకి చేసిన పై పళ్ళ సెట్టు. సందు లేకుండా, ముత్యాల్లా కుదిరిందని యజమాని స్వయంగా మెచ్చుకున్న సెట్టు. వెనకాలే ఆవిడ ఫోను. స్పీకర్‌లో పెట్టాడు యజమాని.

"పళ్ళు చక్కగా ఉన్నాయండీ. కానీ ఇవి నావి కావు."

"మీ అచ్చుతోనే చేశామమ్మా. నెప్పేమన్నా ఉందా?"

"నెప్పి లేదు. నాకు ముందుపళ్ళ మధ్య సందుండేది. అద్దంలో ఎవరో కొత్తావిడ నవ్వుతోంది. ఆవిడతో నాకు పరిచయం లేదు."

ఫోను పెట్టేశాక యజమాని తల పట్టుకున్నాడు. "జనం సందులు మూయించుకోవడానికి వస్తారు. ఈవిడ తెరిపించుకుంటానంటుంది. ఏం చేస్తావో చెయ్యి."

టముకు గ్రైండర్ అందుకున్నాడు. ముందుపళ్ళ పక్కల్ని సన్నగా అరగదీసి, మైనంలో మళ్ళీ నిలబెట్టి, కొద్దిగా దూరం జరిపాడు. జరిపి, దూరంగా పట్టుకుని చూశాడు. దవడకి ఓ ముఖం వచ్చినట్టనిపించింది. చేతులు కడుక్కోకుండానే అక్కకి ఫోన్ చేశాడు.

"శనివారం సాయంత్రం ఇంటికి రాగలవా? గేమ్ ఆడాలి."

"నువ్వా, నేనా?"

"నువ్వే. ఎప్పటిలాగే."

"మొదలెట్టావూ" అంది అక్క. క్రేన్ దిగుతున్నట్టుంది, మాటకీ మాటకీ మధ్య ఇనప మెట్లు మోగుతున్నాయి.

శనివారం వచ్చింది. అటకమీది అట్టపెట్టెలో పాత రిమోట్ దొరికింది. దాన్ని కంప్యూటర్‌కి తగిలించే వైరు టముకు ముందే కొనిపెట్టాడు. అక్క మంచంమీద బాసింపట్టు వేసుకు కూచుని, రిమోట్‌ని చేతిలో ఇటూ అటూ తిప్పింది.

"ఇంత చిన్నదా ఇది? అప్పుడు ఇటుకంత ఉండేది."

"వేళ్ళు పెరిగాయి. ఆడు."

ఆడింది. మొదట్లో రెండుసార్లు గొడుగు పోస్ట్‌మాన్ కాలవలో పడ్డాడు, తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అమ్మ, "మీ నాన్న పూనాడా?" అంది. తరవాత వేళ్ళకి దారి గుర్తొచ్చింది. టముకు తెర చూడలేదు. కళ్ళు మూసుకుని తన రీమిక్స్‌ని మనసులో నడిపిస్తున్నాడు. పొగగొట్టం దగ్గర ఖాళీ పడింది. పిల్లి దగ్గర పడింది. విరిగిన కప్పుమీద వరసగా పడ్డాయి. ఒక్కటీ తప్పిపోలేదు. లెవెల్ చివర పోస్టాఫీసు వసారా వచ్చింది. అక్కడ బొమ్మ తిన్నగా నడిచి తలుపులోకి వెళ్ళిపోయింది.

"ఆగాగు. ఇక్కడ నువ్వు గెంతలేదు."

"ఎందుకు గెంతాలి? ఇక్కడ ఏముందని? పిల్లి లేదు, గుంత లేదు."

"ఇక్కడ మూడున్నాయి. దగ్గరదగ్గరగా, ఓ తీరూ తెన్నూ లేకుండా. నాకు బాగా గుర్తు. నా పాటలో కూడా పెట్టాను. విను."

వినిపించాడు. అక్క తల వంచి వింది. తరవాత రిమోట్ పక్కన పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే?"

"అది నేను కాదురా. నువ్వు."

"నేనెప్పుడు ఆడాను?"

"రోజూ. నాకివ్వు, నాకివ్వు అని ఒకటే ఏడుపు. మధ్యలో ఇస్తే బొమ్మని చంపేస్తావు. ఇవ్వకపోతే అమ్మ వస్తుంది. అందుకని చావడానికి వీల్లేని చోటు చూసి పెట్టుకున్నా. వసారాలోకి రాగానే నీ చేతికిచ్చేదాన్ని. నువ్వు గుడ్లు మిటకరించుకుని ధబ్, ధబ్, ధబ్‌మని నొక్కేవాడివి. తలుపు రాగానే లాక్కునేదాన్ని."

టముకు ఆ చివరి ముక్కని మళ్ళీ పెట్టుకుని విన్నాడు.

"ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావు, అక్క ఇవ్వలేదని. చెప్పనిస్తేగా ఎవరన్నా."

"అది ఇవ్వడం కిందకి వస్తుందా?" అన్నాడు. గొంతులో రోషం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు.

"లెవెల్‌కి మూడు గెంతులు. ఎన్ని లెవెళ్ళు, ఎన్ని సాయంత్రాలు? లెక్కేసుకో, నాకంటే ఎక్కువే ఆడుంటావు."

"వేషాలు" అంది గుమ్మంలోంచి అమ్మ. ఎవర్నందో తెలియలేదు.

టముకు లేచి మైకు తెచ్చాడు. తువ్వాలు మడిచి రిమోట్ కింద పెట్టాడు. "మళ్ళీ ఆడు. ఈసారి నీ వేలు చప్పుడు కావాలి."

అక్క ఆడుతుంటే గెంతే గుండీ టిక్కు టిక్కుమంది. ప్లాస్టిక్ మీద బొటనవేలు పడే చిన్న చప్పుడు. వసారా రాగానే అక్క మాట్లాడకుండా రిమోట్ తమ్ముడి చేతికిచ్చింది. అతను నొక్కాడు. బతుకంతా దరువులమీద గడిపిన మనిషి, ఆ మూడు చోట్లా తాళం తప్పాడు. మళ్ళీ తీద్దామా అని అక్క అడగబోతే వద్దని చెయ్యి ఊపాడు.

అతికించిన స్వరాలన్నీ తీసేసి, ఖాళీల్ని ఖాళీలుగానే ఉంచి, ఒక్కొక్కదాంట్లో ఆ టిక్కుని పెట్టాడు. ఇప్పుడు స్వరం ఆగినప్పుడల్లా ఎవరో గెంతుతున్నారని తెలిసిపోతోంది. ఫైలు పాడైందని ఎవరూ అనుకోరు. నచ్చకపోతే నచ్చలేదనే అనాలి. ఆదివారం మధ్యాహ్నం పంపాడు. ఖాళీలెక్కడివో నాలుగు ముక్కల్లో రాసి, నిగ్రహం గురించి తను రాసిన వ్యాసాన్ని పట్టించుకోవద్దని కూడా కలిపాడు.

సోమవారం అతను టీచరమ్మ సెట్టుకి చివరి మెరుగు పెడుతుండగా ఫోన్‌లో మెసేజ్ మోగింది. గుడ్లగూబ.

"ఇప్పుడు అర్థమైంది. వాన లెవెల్ మీదే. మా అందరికీ గేమ్ వినిపించడం తెలుసు, ఆడేవాళ్ళని వినిపించడం తోచలేదు. ఒక్క మాట. చివర గెంతేవారెవరో గానీ వారికి తాళం బొత్తిగా లేదు. ఆ మూడూ సరిచేసి పంపగలరా?"

టముకు వేళ్ళకున్న తెల్లపొడి చొక్కాకి తుడుచుకున్నాడు.

"సరిచెయ్యను. అది నేనే" అని కొట్టాడు.

కాసేపటికి ఇంకోటి వచ్చింది. "అయితే ఉండనివ్వండి. కింద ఎవరి పేర్లు వెయ్యాలి?"

ఆలోచించి రాశాడు: గెంతులు, అక్క. చివరి మూడూ, టముకు. అదే అక్కకీ పంపాడు. ఎక్కడో ఓ భవంతి నెత్తిమీద, ఓ ఇనప దూలం క్షేమంగా కిందికి దిగాక కాబోలు, జవాబు వచ్చింది.

"ఇచ్చానని ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నట్టే" అని కొట్టి, ఆ పళ్ళ సెట్టుని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. ముందుపళ్ళ సందులోంచి వీధి సన్నగా కనిపిస్తోంది. రెండో చేత్తో బల్లమీద దరువు వెయ్యడం మొదలుపెట్టాడు.